మరబొమ్మకు కన్ను చవకైంది, మన బడికి చేరేదెప్పుడు?

మదనపల్లె టమాటా మార్కెట్టులో కాయలు ఏరే ఆడకూలీలను చూడండి. కాయ చేతిలోకి రాకముందే ఇది పండు, ఇది దోర, ఇది పచ్చి అని కంటితోనే తేల్చేస్తారు. ఎరుపుకూ పచ్చకూ తేడా పట్టి చెప్పగలిగే కెమెరా కన్ను ఒకటి ఇప్పుడు అగ్గిపెట్టెకన్నా చిన్న సైజులో, వెయ్యి రూపాయల లోపు ధరకే దొరుకుతోంది. ఆ కూలీలకు వున్న నేర్పు దీనికి లేదు, వస్తుందనీ నేను చెప్పడం లేదు. అయితే పదమూడేళ్ల పిల్లవాడు తన చేతితో దీనికి పని నేర్పగలడు. అసలు విశేషం అదే. మన జిల్లా పల్లెల్లో బడికి పోయే పిల్లల చేతికి ఈ వస్తువు ఎందుకు చేరడం లేదన్నదే నేను అడగదలచిన ప్రశ్న.

కెమెరా అనగానే కరెంటు స్తంభానికి కట్టిన నిఘా కెమెరానో, పెళ్లిళ్లలో వీడియో తీసేదో అనుకుంటారు. ఇది ఆ కోవలోది కాదు. ఆ కెమెరాలు బొమ్మ తీసి మనిషి ముందు పెడతాయి, చూసి అర్థం చేసుకోవలసింది మనిషే. ఇందులో కెమెరా పక్కనే బుల్లి కంప్యూటరు ఒకటి అతికించి వుంటుంది. బొమ్మలో మనం వెతకమన్నదాన్ని అది వెతికి, ఎక్కడుందో నాలుగైదు అంకెల్లో చెబుతుంది. ఏం వెతకాలో, దొరికితే ఏం చేయాలో మనమే రాసి ఎక్కించవచ్చు. ఆ అంకెలను అందుకుని మరబొమ్మ చక్రాలు తిరుగుతాయి. బంతి వెనక పరుగెత్తే బండి, గీత వెంట నడిచే బండి, పండునూ పచ్చికాయనూ వేరు చేసే చేయి ఇలా తయారవుతాయి.

లోపల జరిగే లెక్క చెబితే ఇందులో మాయ ఏమీ లేదని తెలుస్తుంది. వాకిట్లో ముగ్గుకు ముందు చుక్కలు పెడతారు కదా, కెమెరాకు బొమ్మ అంటే అలాంటి చుక్కల వరసలే. ఒక్కో చుక్కకు మూడు అంకెలు వుంటాయి. ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని సున్న నుంచి 255 దాకా. ఎరుపు 150 దాటి, పచ్చ 80 లోపు వున్న చుక్కలను పట్టుకో అని మనం చెబుతాం. అది వరసగా చుక్కలన్నీ చూసుకుంటూ పోయి, పట్టుబడిన చుక్కల ఎడమ కొస, కుడి కొస, నడిమధ్య తేలుస్తుంది. బొమ్మ వెడల్పు 80 చుక్కలయితే, నడిమధ్య 20 దగ్గర తేలితే వస్తువు ఎడమపక్క వుందన్నమాట, బండిని ఎడమకు తిప్పాలి. 60 దగ్గర తేలితే కుడికి. ఏడో తరగతి పిల్లవాడికి సరాసరి కట్టడం వస్తే ఇది అర్థమయినట్టే.

ఈ చవక కన్ను మొదట పుట్టిన చోటుకూ మన జిల్లాకూ ఒక చుట్టరికం వుంది. చాలామందికి తెలియదు. 2001లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రోబోటిక్స్ సంస్థలో ఆంథొనీ రోవ్, చార్లెస్ రోజెన్‌బర్గ్, ఇల్లా నూర్బక్ష్ అనే ముగ్గురు కలిసి దీన్ని తయారు చేశారు. దానికి సీఎంయూక్యామ్ అని పేరు పెట్టారు. ఆ రోబోటిక్స్ సంస్థను 1979లో నెలకొల్పినప్పుడు తొలి డైరెక్టరు ఎవరనుకున్నారు? మన కాటూరు గ్రామంలో రైతు ఇంట 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి. లోకమంతా రాజ్ రెడ్డి అని పిలిచేది ఆయననే. వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివాడు ఆయనే. గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1958లో పట్టా పుచ్చుకుని, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, యంత్రాలకు మాట వినడం నేర్పే పరిశోధన చేశారు. కంప్యూటరు రంగంలో అందరికన్నా పెద్దదిగా ఎంచే ట్యూరింగ్ అవార్డు 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. సీఎంయూక్యామ్ ఆయన చేసిందని నేను అనడం లేదు. ఆయన వేసిన పందిరి కింద కాసిన కాయ అది.

ఆ మొదటి కన్ను సంగతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. దానికి కనిపించే బొమ్మ అడ్డం 80 చుక్కలు, నిలువు 143 చుక్కలు. ఈనాటి సెల్‌ఫోను ముందు అది గుడ్డిది కిందే లెక్క. అందులోని కంప్యూటరుకు జ్ఞాపకశక్తి మొత్తం 136 అక్షరాలు మాత్రమే. పోస్టుకార్డు మీద రాసినంత కూడా లేదు. అంత కొద్ది జ్ఞాపకంతో బొమ్మను దాచుకోవడం ఎలా? వాళ్లు అసలు దాచుకోలేదు. మండీలో లారీ నుంచి బస్తాలు దించేటప్పుడు గుమస్తా ఏం చేస్తాడు? ప్రతి బస్తానూ ఇంటికి మోసుకుపోడు, బస్తా దాటగానే పుస్తకంలో ఒక గీత గీసి వదిలేస్తాడు. ఈ కన్ను కూడా ఒక్కో చుక్కల వరస వస్తూ వుండగానే లెక్క కట్టుకుని, ఆ వరసను మరచిపోయి తర్వాతి వరసకు పోతుంది. అలా సెకనుకు పదహారు పదిహేడు సార్లు చూసి చెప్పేది. లేమిలో పుట్టిన తెలివి అంటే నాకు ఇలాంటిదే గుర్తుకొస్తుంది. చిన్న చిప్పు కదా అని వాళ్లు వదిలేసి వుంటే, కంటిచూపు వున్న మరబొమ్మలు మరికొన్నేళ్ల పాటు పెద్ద ప్రయోగశాలల సొత్తుగానే మిగిలేవి.

అప్పట్లో దాని ధర 109 డాలర్లు. ఆనాటి మారకం ప్రకారం మన డబ్బుల్లో ఐదు వేల పైమాటే. తర్వాత అదే వంశంలో 2013లో పిక్సీ అనే కన్ను వచ్చింది. ఎర్ర బంతి ముందు పెట్టి మీట నొక్కితే చాలు, ఆ రంగును గుర్తు పెట్టుకుంటుంది. ఏడు రంగుల దాకా నేర్చుకుని, సెకనుకు యాభై సార్లు చూస్తుంది. పైథాన్ భాషలో రాసి పని చేయించే ఓపెన్‌ఎంవీ అనేది మరొకటి. ఇవన్నీ మంచివే గానీ మన బళ్లకు ఇప్పటికీ ఖరీదైనవే. అసలు మార్పు తెచ్చింది చైనా నుంచి వచ్చిన ఈఎస్పీ32 క్యామ్ అనే పలక. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా, వైఫై, నాలుగు మెగాబైట్ల అదనపు జ్ఞాపకం అన్నీ అందులోనే వుంటాయి. ఆన్‌లైను అంగళ్లలో ఐదారు వందలకు అటూ ఇటూగా వస్తుంది. అంటే రెండు మూడు బస్తాల యూరియా ధర. రెండు మోటార్లు, చక్రాలు, బ్యాటరీ, ప్రోగ్రాము ఎక్కించే చిన్న పలక కలుపుకున్నా బండి మొత్తం రెండున్నర వేలు దాటదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పిక్సీ లాంటి ఖరీదైన కన్ను రంగు పట్టే విద్య నేర్చుకునే వస్తుంది. ఈ చవక పలకకు ఆ విద్య రాదు, చుక్కలు అందించి ఊరుకుంటుంది. లెక్క మనమే రాసుకోవాలి. దీన్ని లోపమని అమ్మేవాళ్లు అంటారు. బడికి మాత్రం ఇదే మేలు. వండి వార్చిన అన్నం తినిపిస్తే వంట వస్తుందా? చుక్కల్లోంచి ఎర్రటివి ఏరే పది పదిహేను పంక్తుల ప్రోగ్రామును తానే రాసిన పిల్లవాడికి, కెమెరా చూడడమంటే ఏమిటో జీవితాంతం గుర్తుంటుంది.

ఈ తేడా తెలియకే తల్లిదండ్రులు మోసపోతున్నారు. జిల్లాలోని ఒక పట్టణంలో ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవానికి వార్త రాసుకోవడానికి వెళ్లాను. వేదిక మీద ఒక బండి ఎర్ర బంతి వెంట పరుగెత్తింది. చప్పట్లు మారుమోగాయి. 'మా విద్యార్థుల ఆవిష్కరణ' అని మైకులో ప్రకటించారు. తర్వాత ఆ కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, "ఏం నాయనా, బంతి పచ్చదయితే ఏం చేస్తావు?" అని అడిగాను. "అది మాకు తెలీదు సార్, కిట్టు తెచ్చిన సారు వచ్చి మార్చాలి" అన్నాడు. పిల్లవాడి తప్పు ఇసుమంతయినా లేదు. రోబోటిక్స్ కోర్సు పేరిట ఏడాదికి వేలకు వేలు ఫీజు కట్టిన తండ్రి, టెంపో నడుపుకునే మనిషి, ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన కట్టిన ఫీజుతో ఆ తరగతి పిల్లలందరికీ తలా ఒక కెమెరా పలక కొనివ్వవచ్చునన్న సంగతి ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోనీ ప్రభుత్వ బళ్లలో డబ్బు లేదా అంటే అదీ కాదు. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలయిన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు చేతులతో పని చేసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. దేశం మొత్తం మీద పది వేల బళ్లలో ఇవి పెట్టారు. వచ్చే ఐదేళ్లలో మరో 50,000 ప్రభుత్వ బళ్లలో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు. ఇవి కాక ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన ఒక్కో విద్యార్థికి 10,000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు. ఆ పది వేలతో నాలుగు బళ్లు కట్టవచ్చు. బళ్లు అంటే చక్రాల బళ్లు లెండి.

కాని ల్యాబు వున్న బడిలో ఏం జరుగుతోంది? నేను చూసిన ఒక చోట ప్లాస్టిక్ కవరు విప్పని పెట్టెలు బీరువాలో బొమ్మల కొలువులా అమర్చి వున్నాయి. గదికి తాళం. తనిఖీకి వచ్చినప్పుడు తీస్తారట. ఉపాధ్యాయులను తిట్టడం తేలిక, అసలు కారణం వేరే వుంది. వస్తువు స్టాకు రిజిస్టరులో ఎక్కింది, పిల్లవాడు ప్లస్సు మైనస్సు తారుమారు చేసి కాల్చేస్తే ఎవరు జవాబు చెప్పాలి? ఆడిట్ వాళ్లు అడిగితే జీతంలో కోత పడుతుందేమోనని ఆ హెడ్‌మాస్టరు గారి భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. ఆరు వందల పలక కాలిపోవడం చదువులో భాగమే. సైన్సు ల్యాబులో గాజు పరీక్షనాళిక పగిలితే లోకం మునిగిపోదు కదా. నేర్చుకుంటూ పాడయిన సామాను ఏడాదికి ఇంత మేరకు కొట్టివేయవచ్చునని జిల్లా విద్యాశాఖ ఒక్క కాగితం మీద రాసి పంపితే సగం తాళాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. దానికి నిధులు అక్కరలేదు, సంతకం చాలు.

మా వూరి రచ్చబండ దగ్గర ఈ సంగతి ఎత్తితే ఒక పెద్దాయన, "మరుగుదొడ్లో నీళ్లు రావు, లెక్కల సారు లేడు, మీకు మరబొమ్మలు కావలసి వచ్చిందా?" అని గదిమాడు. ఆయన మాట తీసిపారేయదగినది కాదు. నీళ్లు ముందు రావలసిందే, లెక్కల సారు ముందు రావలసిందే. కాని అవి వచ్చేదాకా ఇది ఆపితే అవీ రావు, ఇదీ రాదు. పైగా లెక్కలంటే పారిపోయే పిల్లలను లెక్కల్లోకి దించే దారి కూడా ఇదే. సరాసరి ఎందుకు కట్టాలో పుస్తకం చెప్పలేదు, బంతి వెంట తిరగని బండి చెబుతుంది.

ఇందులో చిక్కులు లేకపోలేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు వెలుతురు. పట్టుచీరె కొనేటప్పుడు మన ఆడవాళ్లు ఏం చేస్తారు? అంగడిలో దీపాల కింద చూసి ఊరుకోరు, చీరెను వాకిట్లోకి తెచ్చి ఎండలో చూస్తారు. లోపల మెరూను అనుకున్నది బయట ఇటుకరంగు కావచ్చు. కెమెరాకూ ఇదే తిప్పలు. ట్యూబులైటు కింద నేర్పిన ఎరుపు మధ్యాహ్నం ఎండలో ఎరుపు కాదు. దానికి తోడు కెమెరా వెలుతురును బట్టి రంగులను తనంతట తాను సవరించుకుంటుంది. ముందు ఆ సవరింపును ఆపుచేసి, తర్వాత రంగు నేర్పాలి. కొత్తవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే బోల్తా పడి, వస్తువు పాడయిందనుకుని మూలన పడేస్తారు. ఇక ఈఎస్పీ32 పలకకు కరెంటు గట్టిగా అందాలి. నీరసించిన బ్యాటరీతో నడిపితే మాటిమాటికీ ఆగి మొదటికి వస్తుంది. లిథియం బ్యాటరీ రెండు కొసలు తగిలితే మంట రేగవచ్చు, పెద్దవాళ్లు దగ్గర వుండాలి.

మరొక జాగ్రత్త ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించినది. ఈ పలకకు వైఫై వుంది గనుక బొమ్మలు దూరానికి పంపగలదు. అగ్గిపెట్టెకన్నా చిన్న కెమెరా ఎక్కడయినా దాగుతుంది. కనుక బడిలో వాడేటప్పుడు వైఫై వాడకుండా, బొమ్మ దాచకుండా, అంకెలు మాత్రమే బయటకు వచ్చేటట్టు ప్రోగ్రాము రాయించాలి. హాస్టలు గదుల దరిదాపులకు దాన్ని తీసుకుపోరాదు. లెక్క ఇచ్చి, లెక్క తిరిగి తీసుకోవాలి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. కొడవలి ఇచ్చేటప్పుడు పదును ఎటుందో చెప్పి ఇస్తాం కదా.

పలమనేరు, కుప్పం వైపు రైతులు ఇది విని ఏనుగులను పట్టి చెప్పే కన్ను చేసుకోవచ్చునా అని అడుగుతారు. ఉన్నమాట చెప్పాలి. ఆరు వందల పలక చీకట్లో ఏనుగును పట్టలేదు. ఆ పని చేసే పరికరాలు వేరు, వాటి ఖర్చు వేరు. బడిపిల్లవాడి బండిని చూపించి ఏనుగులను తరిమే యంత్రమని ఎవరయినా అమ్మజూపితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

అయితే ఈ విద్య మన పల్లెకు ఎందుకు అత్యవసరమని నేనంటున్నానో దానికి అసలు కారణం రోబో కాదు, పింఛను. ఇవాళ ఊళ్లో హాజరు దగ్గర నుంచి పింఛను దాకా కెమెరా ముందు ముఖం పెట్టవలసి వస్తోంది. వయసు మళ్లి, చేలో పనిచేసి వేలిముద్ర అరిగిపోయిన అవ్వను ఫోను ముందు కూర్చోబెడతారు. "ముఖం పట్టలేదు అవ్వా" అంటారు. ఆమె తన ముఖంలోనే ఏదో తప్పుందనుకుని కొంగుతో తుడుచుకుని మళ్లీ కూర్చుంటుంది. ముఖాన్ని పోల్చే యంత్రం రంగును పట్టే యంత్రంకన్నా చాలా పెద్దది, లెక్కలూ వేరు. కాని రెండింటిలోనూ ఎవరో ఒకరు ఎక్కడో ఒక గీత గీసి వుంటారు. ఇంతకు పైన వుంటే అవును, కింద వుంటే కాదు. వెలుతురు తగ్గితే, కోణం మారితే అవును కాస్తా కాదు అవుతుంది. తన చేత్తో ఆ గీత గీసి, టమాటాను కాదన్న కెమెరాను ఎండలోకి తెచ్చి సరిదిద్దిన మనవడు ఇంట్లో వుంటే, "అవ్వా, నీ ముఖం బాగానే వుంది, వెలుతురు సరిగా లేదు, వాకిట్లోకి రా" అంటాడు. అప్పటికీ పట్టకపోతే, గీత గీసినవాళ్లను అడగాలన్న తెలివి కూడా ఆ ఇంటికి వుంటుంది.

చివరి అడ్డంకి భాష. ఈ పలకల మీద వున్న పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. లెక్క ఏడో తరగతిది, దాన్ని చెప్పే ఇంగ్లీషు మాత్రం పట్నపు కాలేజీది. పదహారు పేజీల తెలుగు పుస్తకం చాలు. చుక్క అంటే ఏమిటి, గీత ఎక్కడ గీయాలి, సవరింపు ఎలా ఆపాలి, తీగలు ఎలా కలపాలి అన్నది బొమ్మలతో వేస్తే బడికి పది ప్రతులు పంచవచ్చు. రాసేవాళ్లు లేకపోలేదు. పల్లె పిల్లల కోసమని 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పెట్టిన ట్రిపుల్ ఐటీలు వున్నాయి. వాటి విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలరుగా వున్నది ఆ కాటూరు రాజ్ రెడ్డి గారే. మన మండలాల నుంచి అక్కడ సీటు తెచ్చుకున్న అన్నలు, అక్కలు వేసవి సెలవులకు ఇంటికి వస్తారు. వాళ్లను వారం రోజులు తాము చదివిన బడికే పిలిచి, దారిఖర్చులూ భోజనమూ పెట్టి, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లలతో కూర్చోబెట్టమని పాఠశాల యాజమాన్య కమిటీలు అడగవచ్చు. ఇందుకు హైదరాబాదు నుంచి గానీ అమరావతి నుంచి గానీ ఉత్తర్వు రానక్కర లేదు.

మీ ఊరి బడి కమిటీ ఈసారి సమావేశమయినప్పుడు మూడు సంగతులు అడిగి రాయించండి. మన బడికి టింకరింగ్ ల్యాబు వుందా, లేకుంటే దరఖాస్తు పెట్టారా? వుంటే పోయిన ఆరు నెలల్లో ఏ పిల్లవాడు ఏ పెట్టె విప్పాడు? ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర వుంది?